తలుపు వేసి వేయించే మిరపకాయలు

మొదటి వాయి మాడిపోయింది. రెండో వాయి మెత్తగా వేలాడింది. మూడో వాయి ఒక పక్క మాడి, ఇంకో పక్క మెత్తబడింది. అదెలా కుదిరిందో మూకుడు ముందు నిలబడ్డ కోడలికే తెలియదు. అసలు ఆ మిరపకాయల్ని ఆమె వేయించిందనడం కూడా పూర్తిగా నిజం కాదు. వేయించింది నలుగురు. మాట పడింది మాత్రం ఆమె ఒక్కతే.

ఆ వంటగది ఇద్దరు నిలబడితే మూడో మనిషి గుమ్మంలో నుంచి మాట్లాడాల్సినంత ఇరుకు. ఆ ఆదివారం అందులో ముగ్గురు దూరి, నాలుగో మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పొయ్యి ముందు కోడలు. ఆమె కుడి భుజం మీదుగా మెడ చాచిన మామగారు. ఆయన జీవితమంతా బస్సు నడిపి రిటైరయ్యారు. ఇప్పుడు నడపడానికి బస్సు లేదు కాబట్టి ఇంట్లోవాళ్లని నడుపుతుంటారు. ఎడమ పక్కన మొగుడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్కు, లోకంలో ప్రతి కష్టానికీ ఎక్కడో ఒక స్క్రూ వదులై ఉంటుందని అతని నమ్మకం. గుమ్మంలో ఆడపడుచు. పక్క వీధిలో కాపురం, స్కూల్లో టీచరు, పుట్టింట్లో హెడ్మాస్టరు.

"మంట తగ్గించమ్మా, తగ్గించు... ఆఁ ఇప్పుడు కాస్త పెంచు... పెంచమంటే మరీ అంతా? పక్కకి తియ్, పక్కకి తియ్!" అన్నారు మామగారు.

"నాన్నా, మంట చూసి ఏం లాభం? నూనె వేడి చూడాలి," అంటూ మొగుడు తన పనిసంచీలోని వేడి కొలిచే తీగ తీసి మూకుడులో ముంచబోయాడు.

"అది ఏ పాత ఫ్రిజ్జులో పెట్టి తెచ్చారో, నా నూనెలో పెట్టకండి!" అని కోడలు అతని చెయ్యి తోసేసింది. ఆ తోపులాటలో చిల్లుల గరిటె నుంచి రెండు కాయలు జారి మళ్లీ నూనెలో పడి, క్షణంలో బొగ్గయ్యాయి.

"చూశావా, మాడ్చావు," అంది ఆడపడుచు.

ఎంతమంది మంత్రసానులుంటే బిడ్డ అంత వంకర అని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. మామూలు రోజైతే కోడలు ఈ గొడవకి నవ్వి ఊరుకునేదే. కానీ ఆ రోజు ఆ మిరపకాయల మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడి ఉంది.

అత్తగారు మేడ మీద బట్టలు ఆరేస్తూ తడిలో కాలు జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో కట్టు కట్టి పంపించారు. ఎముక బాగానే అతుక్కుంటోందట. పాడైపోయింది తిండి. ఇంటికొచ్చినప్పటి నుంచి ఆవిడ నోట్లో ఏదీ పోవడం లేదు. రెండు చెంచాలు మింగి ముఖం పక్కకి తిప్పేస్తుంది. మాత్రలు ఖాళీ కడుపులో పడి, కళ్లు తిరుగుతున్నాయి. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. శుక్రవారం చూపించడానికి తీసుకెళ్తే డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పేసింది. "ఇలాగే ఉంటే సోమవారం తీసుకొచ్చి చేర్పించండి. ముక్కులో గొట్టం వేసి ఎక్కించాలి."

గొట్టం మాట విన్నాక అత్తగారు దారంతా కొంగుతో ముక్కు మూసుకునే కూర్చుంది. ఇంటికొచ్చి మంచం ఎక్కాక మెల్లగా అంది, "మిరపకాయలు వేయించి పెట్టండి. కరకరలాడాలి. అవి ఉంటే తింటాను."

అవి ఆవిడ సొంత మిరపకాయలు. వేలెడంత పొడుగు, కారం తక్కువ. ఎర్రగా పండాక తొడిమలకి దారం కట్టి, వంటింటి కిటికీలో దండల్లా వేలాడదీసి, గలగలలాడేదాకా ఎండబెడుతుంది. ఎప్పుడైనా తీరిక దొరికినప్పుడు వాటిని నూనెలో వేయించి పళ్లెం నిండా తెచ్చి పెడుతుంది. కొరికితే గదంతా వినిపిస్తుంది. జావలోకి, రొట్టెలోకి, ఉత్తినే నోట్లోకి, ఎలా తిన్నా బాగుంటాయి. అవి ఉన్న రోజు ఆ ఇంట్లో మాటలుండవు, నమలడమే.

అయితే ఆవిడ వాటిని వేయించే పద్ధతి మాత్రం విచిత్రం. వంటగది తలుపు వేసి, లోపల గడియ పెట్టుకుంటుంది. ఎవరు కొట్టినా తియ్యదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంటే పళ్లెం బయటికొస్తుంది. లోపల ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. ఏదో పొడి కలుపుతుందని మామగారి అనుమానం. రెండుసార్లు వేయిస్తుందని ఆడపడుచు వాదన. మొగుడికైతే చిన్నప్పటి నుంచీ అలవాటే కాబట్టి అందులో వింత కనపడదు.

వింత కనపడింది కోడలికి, వింతకన్నా ఎక్కువ అవమానం కనపడింది. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో అన్నీ నేర్పిన అత్తగారు ఆ ఒక్కటి నేర్పలేదు. తలుపు బయట నిలబెట్టింది. నేనేం పరాయిదాన్నా, చూసి ఎత్తుకుపోతానా అని ఆమె మనసులో చాలాసార్లు రుసరుసలాడింది. శుక్రవారం రాత్రి మాత్రం రోషం పక్కనపెట్టి మంచం దగ్గర కూర్చుంది.

"అత్తయ్యా, ఎలా వేయించాలో చెప్పండి."

"తడి తగలనివ్వకు. పొడిగుడ్డతో తుడిచి, తొడిమ తీసి, గింజలు దులుపు. నూనె కాగాక కాసిని కాసిని వెయ్యి. ఉబ్బగానే తీసెయ్. విడివిడిగా పరువు. తలుపు గడియ పెట్టుకో."

"అదంతా సరే అత్తయ్యా. ఆ తర్వాత? ఏం కలపాలి?"

"ఉప్పు."

"ఉప్పేనా?"

"గడియ పెట్టుకో, చాలు," అని ఆవిడ కళ్లు మూసుకుంది.

కోడలికి ఒళ్లు మండింది. మంచాన పడ్డా గుట్టు విప్పదు ఈవిడ! పుండు మీద కారం చల్లినట్టు గడియ మాట మళ్లీ మళ్లీ ఎత్తుతోంది. చెప్పకపోతే పోనీ, ఆదివారం సెలవు రానీ, నా చేతుల్తోనే చేస్తాను అనుకుంది. యూనిఫాంలు కుట్టే వర్క్‌షాపులో కోడలిది కటింగు బల్ల. ఒకేసారి పొరలు పొరలుగా పేర్చిన గుడ్డని గీత తప్పకుండా కోస్తుంది. అక్కడ ఆమెని "కత్తెరమ్మ" అంటారు. అంత గుడ్డ కోసే చేతికి నాలుగు మిరపకాయలు లొంగవా?

లొంగలేదు. అందుకు కారణం మిరపకాయలు కాదు, ఇంట్లోవాళ్లు.

అత్తగారు చెప్పినట్టే ఉబ్బగానే తీసింది. తీసిన కాయ పళ్లెంలో పడకముందే మామగారు ఒకటి అందుకుని, వేళ్లు కాల్చుకుని, ఉఫ్ ఉఫ్ అంటూ కొరికారు. "మెత్తగా ఉందమ్మా. వేగలేదు. మళ్లీ వెయ్యి." మొగుడు ఇంకోటి కొరికాడు. "అవును, సాగుతోంది." మళ్లీ నూనెలో వేస్తే నల్లబడి చేదెక్కాయి. ఇంకో వాయిలో ఆడపడుచు చొరవ చూపించింది. "అమ్మ తినేసరికి చల్లారిపోతాయి" అని పళ్లెం మీద మూత పెట్టేసింది. మూత తీసేసరికి కాయలు ఆవిరికి నానిన బట్టల్లా ముడుచుకున్నాయి. ఆ ఇంట్లో పుట్టినవాళ్లలో ఒక్కరికీ ఆగడం తెలియదు. టీ కూడా కాలుతుండగానే తాగి నాలుక కాల్చుకునే వంశం అది.

ప్రతి వాయినీ హాల్లోకి తీసుకెళ్లారు. అందరి కళ్లముందూ ఉండాలని అత్తగారి మంచాన్ని ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే హాలు నడిమధ్యకి లాగారు. దాని చుట్టూ నలుగురూ మూగారు. మొగుడు జావ చెంచా పట్టుకున్నాడు. "ఆఁ అమ్మా, ఆఁ..." చెంచా ఆవిడ నోటి దగ్గరికెళ్తుంటే నలుగురి నోళ్లూ వాటంతటవే తెరుచుకున్నాయి. ఆవిడ నమిలితే నలుగురి దవడలూ ఆడాయి. మిరపకాయ కొరికి చూసి, ఆవిడ పక్కన పెట్టేసింది. "మెత్తగా ఉంది."

"ఒక్కటి తినమ్మా, ఒక్కటే. నా కోసం," అంది ఆడపడుచు గడ్డం పట్టుకుని.

"నిన్న మూడు చెంచాలు తాగావు, ఇవాళ రెండేనా?" అన్నారు మామగారు.

అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూసి కోడలికి కోపమూ దుఃఖమూ ఒకేసారి వచ్చాయి. సోమవారం రేపే. ముక్కులో గొట్టం అనుకోగానే ఆమెకే ముక్కు మండింది.

మళ్లీ వంటగదికి వచ్చి చూస్తే కిటికీలో దండలన్నీ ఖాళీ. ఒక్కదానికి మాత్రం చివర గుప్పెడు కాయలు మిగిలాయి. వెనకే ముగ్గురూ వచ్చేశారు.

"ఇవే ఆఖరు. ఈసారి నేను చెప్పినట్టు చెయ్," అన్నారు మామగారు.

"కాదు, ఈసారి వేడి కొలుద్దాం," అన్నాడు మొగుడు.

ఆడపడుచు చూపు తలుపు వెనక గోడ మీద పడింది. "ఇదేంటమ్మాయ్, గోడకింత జిడ్డు? కడగవా?"

అదిగో, అక్కడ తెగింది కోడలి ఓర్పు. ఆ మరక కోడలికి పాత శత్రువు. తలుపు వెనక, చిన్న పీట వేసే మూల, నడుము ఎత్తులో గుండ్రంగా నూనె మరక. ఎవరు చెయ్యి తుడుస్తున్నారో తెలియదు. సబ్బు పెట్టి రుద్దింది, సోడా పెట్టి రుద్దింది, రుద్ది రుద్ది రంగు పోయి లోపలి సున్నం పొడి రాలుతోంది. అయినా కొన్నాళ్లకి మళ్లీ మరక వస్తుంది. ఈ ఇంట్లో ఆమె కడగనిదంటూ ఏమైనా ఉందా?

"బయటికెళ్లండి," అంది కోడలు.

"ఏంటీ?"

"ముగ్గురూ బయటికి నడవండి. మావయ్యగారూ, మీరు కూడా. వదినా, ఆ మూత పట్టుకుపోండి. ఏవండీ, ఆ తీగా మీరూ కలిసి వెళ్లండి. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఈ వంట చేసేది నేనైతే నేనొక్కదాన్నే చేస్తాను, లేదంటే మీ ముగ్గురే చేసుకోండి, నేను వెళ్లి మేడ మీద కూర్చుంటాను!"

ఆమె అంత గొంతు పెంచడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. ముగ్గురూ వెనక్కి నడిచారు. ఆమె తలుపు ధడాలున వేసి గడియ బిగించింది. అత్తగారు చెప్పిందని కాదు, ఆ మాటే గుర్తు లేదు. ఒళ్లు తెలియని కోపంతో వేసింది.

మిగిలిన కాయల్ని తుడిచి, గింజలు దులిపి, నూనెలో వేసింది. ఉబ్బాయి. తీసి, పళ్లెంలో విడివిడిగా పరిచి కిటికీ గట్టు మీద పెట్టింది. ఒక కాయ వేలితో నొక్కితే మెత్తగా ఒంగింది. ఇది కూడా అంతే. పొయ్యి కట్టేసి, ఇక చేతగాక, తలుపు వెనక పీట మీద కూలబడింది. కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చింది.

తల సరిగ్గా గోడ మీద మరకకి ఆనింది.

ఆమె కళ్లు తెరిచింది. తల కాస్త జరిపి చూసింది, మళ్లీ ఆనించింది. ఆ ఎత్తు చేతిది కాదు, పీట మీద కూర్చున్న మనిషి తలది. ఈ ఇంట్లో తలకి నూనె రాసుకుని ఇంతే పొడుగుండే మనిషి ఒక్కరే ఉన్నారు.

అక్కడి నుంచి చూస్తే ఇల్లు కనపడదు. పొయ్యి కూడా గట్టు చాటున పోతుంది. కనిపించేది కిటికీ ఒక్కటే. కిటికీలో ఎదుటి మేడ, దాని తీగ మీద ఎవరిదో చొక్కా, ఆ పైన ఆకాశం. ఆ చొక్కా ఎవరిదో ఆమెకి తెలియదు, దాన్ని ఆమె ఉతకక్కర్లేదు. ఆ మాట అనుకోగానే కోడలికి ఎందుకో ఏడుపొచ్చింది. వర్క్‌షాపులో మిషన్ల మోత, సూపర్‌వైజర్ కేకలు, బస్సులో తోపులాట, ఇంట్లో అడుగు పెట్టగానే నా చొక్కా ఏది, నా మాత్ర ఏది, ఉప్పెక్కడుంది. ఇలా ఒక్కర్తే కూర్చుని ఎన్నాళ్లయిందో ఆమెకి గుర్తు రాలేదు. తలుపు మీద ఎవరో తట్టారు. ఆమె పలకలేదు. ఎవరో దగ్గారు. పలకలేదు. కాసేపటికి అలవాటు పడ్డట్టు అటువైపు చప్పుడు ఆగిపోయింది.

చాలాసేపటికి, ఏదో ధ్యాసలో లేచి, కిటికీ గట్టు మీద నుంచి ఒక కాయ తీసి నోట్లో పెట్టుకుంది.

కరక్.

ఆమె ఉలిక్కిపడింది. ఇంకోటి విరిచింది. టప్పున విరిగింది. అత్తగారు చేసినట్టే ఉంది, అచ్చం అలాగే. పొడి లేదు, రెండోసారి వేయించడం లేదు. వేడి మీద ఎప్పుడూ మెత్తగానే ఉంటాయి, చల్లారితే వాటంతటవే కరకరలాడతాయి. ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే చాలు. ఆవిడ గుట్టేమీ దాచలేదు, ఉన్నదున్నట్టే చెప్పింది. వినే చెవి తనకి లేకపోయింది.

ఉప్పు చల్లి, తలుపు తెరిచింది. మూడు చేతులు ముందుకొచ్చాయి. ఆమె పళ్లెం తల మీదకెత్తి, ముగ్గురినీ దాటుకుని మంచం దగ్గరికెళ్లింది. అత్తగారు ఇటు తిరిగింది. పళ్లెం వైపు చూడలేదు. కోడలు పళ్లెం దించడానికి వంగినప్పుడు, ఆమె జడ మీద, తల వెనక, గోడ సున్నం తెల్లగా అంటుకుని ఉండడం ఆవిడ చూసింది. కట్టు లేని ఎడమ చెయ్యి ఎత్తి మెల్లగా దులిపింది. పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు.

"తిను అమ్మా, తిను," అంటూ మొగుడు చెంచా అందుకున్నాడు. ఆడపడుచు దిండు సర్దింది. మామగారు వంగారు. మళ్లీ మూడు నోళ్లు తెరుచుకోవడం మొదలుపెట్టాయి.

నవ్వు ఆరిపోయింది. అప్పుడు చూసింది కోడలు, తన అత్తగారి ముఖం. ఇన్ని రోజులూ కంచం వైపే చూసింది కానీ ముఖం చూడలేదు. ఇష్టం వచ్చినప్పుడు గడియ పెట్టుకునే మనిషిని తెచ్చి, హాలు నడిమధ్య పడుకోబెట్టి, చెంచాలు లెక్కపెడుతున్నారు. ఆవిడ గొంతు దిగనిది జావ కాదు. ఆ సంగతి ఇంత ఆలస్యంగా తెలిసినందుకు కోడలికి తన మీద తనకే చిరాకేసింది.

"ఇక్కడ తినకూడదు," అంది.

"ఏం?"

"గాలి తగిలితే మెత్తబడతాయి. అత్తయ్యా, లేవండి. విరిగింది చెయ్యి, కాలు కాదు."

"గాలా? వంటింట్లో మాత్రం గాలి ఉండదా?" అన్నాడు మొగుడు, మెకానిక్కు కాబట్టి.

"మీకు ఫ్రిజ్జుల సంగతి తెలుసు. మిరపకాయల సంగతి మీకు తెలియదు."

అత్తగారు అప్పటికే కాళ్లు కింద పెట్టింది.

ఒక చేత్తో జావ గిన్నె, ఒక చేత్తో పళ్లెం పట్టుకుని కోడలు ముందు నడిస్తే, గోడ పట్టుకుని ఆవిడ వెనక నడిచింది. ఇద్దరూ వంటగదిలోకి వెళ్లాక కోడలు గడియ పెట్టింది. అత్తగారు పీట మీద కూర్చుని తల వెనక్కి వాల్చింది. తల ఎక్కడ ఆనాలో దానికి తెలుసు. కోడలు గిన్నే పళ్లెమూ ఆవిడ ఎడమ చేతికి అందేలా పెట్టి, తను పొయ్యివైపు తిరిగి, వీపు చూపిస్తూ నేల మీద కూర్చుంది. వెనక్కి చూడలేదు. ఎంత ఆత్రంగా ఉన్నా చూడలేదు.

చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత కరక్ మంది. ఆగి, ఇంకోసారి కరక్ మంది. తర్వాత చెంచా గిన్నెకి తగిలిన చప్పుడు. ఎడమ చేత్తో వంకరటింకరగా, తన తీరున తను తింటోంది మనిషి. కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అత్తయ్యా, మిరపకాయలు చల్లారడానికి ఇంతసేపు అక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు. కాసేపు చాలు," అంది అత్తగారు నములుతూ. "మిగతాది నాకు కావాలి."

"మరి, కాసేపు నన్ను వదిలేయండి అని వాళ్లతో ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"చెప్పి చూశాను, కొత్తల్లో. ఏమైంది, ఒంట్లో బాలేదా, ఎవరైనా ఏమన్నా అన్నారా అని నలుగురూ చుట్టూ కూర్చున్నారు." కరక్. "మిరపకాయలంటే మాత్రం ఎవరూ ఏమీ అడగరు."

"నాకైనా చెప్పాల్సింది."

"చెప్పాను కదే, గడియ పెట్టుకోమని. నీ ముఖం చూస్తే నీకూ అవసరమే అనిపించింది."

కాసేపటికి వెనక నుంచి గిన్నె నేల మీద జరిగి ఆమె మోకాలికి తగిలింది. ఖాళీ గిన్నె. పళ్లెంలో ఉప్పు రవ్వలు తప్ప ఏమీ లేవు. అత్తగారు పీట చివరికి జరిగి, పక్కన కొంచెం చోటు చేసింది. కోడలు లేచి ఆ చోటులో ఇరుక్కుని, తనూ గోడకి తల ఆనించింది. ఎదుటి మేడ మీద ఎవరిదో ఆ చొక్కా ఇంకా ఊగుతోంది.

తలుపు మీద మూడు రకాల తట్లు ఒకేసారి పడ్డాయి.

"అమ్మ తిన్నదా? ఏమైనా తిన్నదా?" అన్నాడు మొగుడు. "తలుపు తియ్యవా అమ్మాయ్?" అంది ఆడపడుచు.

కోడలు ఖాళీ పళ్లెం వైపు చూసింది. అత్తగారు కళ్లు మూసుకునే ఎడమ చేత్తో సైగ చేసింది, కానివ్వు అన్నట్టు.

"ఇంకా చల్లారలేదండీ!" అని కోడలు లోపల్నించి కేకేసింది. "ఆగండి!"